నలభై రెండు తప్పులూ, ఒక తప్పూ

కువైట్‌లో బండి తోలినవాడికి క్రమశిక్షణ ఎముకల్లో ఇంకిపోతుందని, అటువంటివాడు తిరిగివచ్చి ఇక్కడ ఏ రోడ్డెక్కినా పొరపాటు చేయడం సాధ్యం కాదని గోదావరి డెల్టాలో ఒక నమ్మకం ఉంది. దీన్ని పుట్టించినవారు కువైట్ నుంచి తిరిగివచ్చిన డ్రైవర్లు. పెంచి పెద్దచేసినవారు కువైట్ ఎన్నడూ చూడనివారు.

సామ్యేలు మొదటి కోవకు చెందినవాడు. పదకొండేళ్లు అక్కడ ఒక షేకు ఇంట్లో కారు తోలి, నాలుగు నెలల క్రితం రామచంద్రపురం పక్కనున్న తన ఊరు వచ్చాడు. అతను వెళ్లాక పుట్టిన కూతురు రెబెక్కాకు పదేళ్లు. ఆ పిల్ల తండ్రిని ఫోనులో తప్ప చూసి ఎరగదు గనుక, మొదటి వారం అతనితో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా పక్కగదిలోకి వెళ్లి వీడియో కాల్ చేసేది. ఇప్పుడిప్పుడే ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది. ఈ నెలాఖరులోగా ఊళ్లో పని దొరక్కపోతే ఏజెంటు పట్టుకున్న వీసా మీద మళ్లీ విమానం ఎక్కాలి.

సరిగ్గా అప్పుడే బడి బస్సుకు డ్రైవరు కావలసి వచ్చాడు. రెబెక్కా ఎక్కే బస్సే అది. బడి కరస్పాండెంటు చంద్రరావు ఎరువుల కొట్టు వ్యాపారి. ఉద్యోగానికి ఇద్దరు వచ్చారు: ఒకడు సామ్యేలు, రెండోవాడు కడియం నర్సరీల మొక్కల లారీలను దేశమంతా తిప్పిన పల్లంరాజు. ఎవరిని కాదన్నా ఎరువుల ఖాతాదారులలో ఒకరు నొచ్చుకుంటారని చంద్రరావు తీర్పును జోగేశ్వరరావు మాస్టారి మీదికి నెట్టాడు. ఆయన భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కొలవనిదేదీ నమ్మడు.

"ఖాళీ బస్సు. కాలువ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు. నేను పక్కన కూర్చుని తప్పులు రాస్తాను. తక్కువ తప్పులు చేసినవాడిదే ఉద్యోగం. మధ్యలో నన్ను ఏమీ అడగకూడదు, నేనేమీ చెప్పను," అన్నారు మాస్టారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు పల్లంరాజు.

సామ్యేలు నవ్వి ఊరుకున్నాడు. సింహం పాల్గొనే పరుగుపందెంలో కుందేలు పేరు నమోదు చేయించుకుంటే సింహం ఎలా నవ్వుతుందో అలా నవ్వాడు.

శనివారం ఉదయం ముందు పల్లంరాజు తోలాడు. సామ్యేలు వెనక సీట్లో కూర్చుని చూశాడు. చూసినకొద్దీ ఆ ఉద్యోగం అతనికి దగ్గరవుతూ వచ్చింది. పల్లంరాజు మనిషి కనబడితే హారను కొట్టాడు, మనిషి కనబడకపోతే ఎక్కడైనా ఉంటాడేమోనని కొట్టాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని బావమరిదికి కొబ్బరి దింపు గురించి సలహా ఇచ్చాడు. గుడి కనబడినప్పుడల్లా స్టీరింగు వదిలి రెండు చేతులూ ఎత్తాడు. ఆ రోడ్డు మీద గుళ్లు తొమ్మిది.

"ఒక చేత్తో పెట్టుకోవచ్చుగా?" అని వెనకనుంచి సామ్యేలు ఉండబట్టలేక అన్నాడు.

"ఒక చేత్తో పెడితే సలాం అవుద్ది గానీ దణ్ణం ఎలా అవుద్దండీ?" అన్నాడు పల్లంరాజు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పి, అతని ముఖంలోకి చూస్తూ.

బస్సు వెనక్కి వచ్చేసరికి మాస్టారి పుస్తకంలో నలభై రెండు తప్పులున్నాయి.

సామ్యేలు డ్రైవరు సీటెక్కి ముందు బెల్టు వెతికాడు. దానితో మంచినీళ్ల క్యాను కట్టి ఉంది. విప్పి తాను పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు. బండి కదలకముందు కళ్లు మూసుకోవడం తప్పుల కింద రాదని మాస్టారు నిర్ణయించారు.

"కువైట్‌లో ఎవరూ తప్పు చెయ్యరటగా?" అని బస్సు కదలకముందే పల్లంరాజు వెనకనుంచి ఎగతాళి చేశాడు.

"చేస్తారు. నూట అరవై స్పీడులో చేస్తారు," అన్నాడు సామ్యేలు.

మొదటి ఐదు కిలోమీటర్లు అతను తోలిన తీరుకు వంక పెట్టడానికి లేదు. అడ్డరోడ్ల దగ్గర వేగం తగ్గించాడు, మలుపులకు ముందే సిగ్నల్ వేశాడు. ఆ సిగ్నల్ ఏమిటో తెలియక వెనక వస్తున్న ఆటోవాడు పక్కకు వచ్చి, "మీ బండికి ఏదో లైటు కొట్టుకుంటందండీ, చూసుకోండి!" అని చెప్పిపోయాడు.

ఆరో కిలోమీటరు దగ్గర ధాన్యం వచ్చింది. సార్వా వరికోతలు అయిన రోజులు. డెల్టాలో పంచాయతీ వేసే తారురోడ్డుకు రెండు ప్రయోజనాలు: మొదటిది ధాన్యం ఆరబోయడం, రెండోది మిగిలిన జాగాలో బండ్లు నడవడం. కాలువవైపు, అంటే ఎడమవైపు సగం రోడ్డు పొడవునా వడ్లు పరిచి, తొక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. అటు వెళ్లేవారూ ఇటు వచ్చేవారూ అందరూ కుడివైపు సగంలోనే నడవాలి. సామ్యేలు కుడివైపుకు వచ్చాడు. అది తప్పు కాదు.

కువైట్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపునే నడుస్తాయి. పదకొండేళ్ల అలవాటు ఒళ్లు విరుచుకుని లేచి కూర్చుంది. నాలుగు నెలలుగా ఎక్కడో నొక్కుతున్న చొక్కా ఇప్పుడు సరిగ్గా సరిపోయినట్టు అతనికి హాయిగా ఉంది. కిలోమీటరు తర్వాత వడ్లు అయిపోయాయి, రాళ్లూ అయిపోయాయి. సామ్యేలు మాత్రం కుడివైపునే సాగిపోయాడు. మాస్టారు చేతి గడియారం చూసి ఏదో రాసుకున్నారు.

ఎదురుగా పదకొండుమందితో ఒక ఆటో వచ్చింది, తనంతట తానే అవతలి పక్కకు తప్పుకుంది. ముగ్గురితో మోటారు సైకిలు వచ్చింది. నడిపేవాడి హెల్మెట్ మోచేతికి భద్రంగా తొడిగి ఉంది, తలకు దెబ్బ తగిలినా మోచేతికి ఏమీ కాదు. అదీ తప్పుకుంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎదుటివాడు తన సైడులో లేకపోవడం అక్కడ రోజూ ఉండే సంగతే. అందుకని సామ్యేలుకు తన తప్పు తెలిసే అవకాశమే కలగలేదు.

కాలువ లాకుల దగ్గర మలుపులో కొబ్బరికాయల లారీ ఎదురైంది. సామ్యేలు కాలు బ్రేకు మీదికి, చేతులు కుడికి వెళ్లాయి. కువైట్‌లో ప్రాణం కాపాడే దిక్కు అది. లారీవాడు తన ఎడమకు కోశాడు. ఇద్దరూ ఒకే అంచుకు వచ్చారు. బస్సు ముందు చక్రం పొలానికి నీళ్లు పారే బోదెలో దిగబడింది. లారీ జానెడు దూరంలో ఆగింది. నాలుగు కాయలు జారి బస్సు టాపు మీద పడ్డాయి.

లారీ డ్రైవరు దిగి, బంపరు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ బాబూ ఇది! ఇవాళ ఒక్కరోజు నా సైడులో నేను వస్తన్నాను కదండీ! ఎన్నడూ రానివాణ్ణి!"

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ట్రాక్టరు తెచ్చి బస్సును లాగేసరికి చంద్రరావు వచ్చాడు. మాస్టారు పుస్తకం చదివి వినిపించారు.

"పల్లంరాజువి నలభై రెండు. సామ్యేలుది ఒకటి."

"ఒకటేనా!" అన్నాడు చంద్రరావు. "ఇంకేంటయ్యా సామ్యేలూ, లెక్క లెక్కే. సోమవారం వచ్చి తాళాలు తీసుకో."

సామ్యేలు చేతులు తుడుచుకున్నాడు. మట్టి ఎప్పుడో పోయింది, అతను తుడుస్తూనే ఉన్నాడు.

"మాస్టారండీ, వడ్లు అయిపోయాక ఎంత దూరం కుడిపక్కన వచ్చానండీ?"

"కిలోమీటరున్నర."

"ఎంతసేపండీ?"

"మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలూ నాకు తెలియలేదండీ. ఎంతో బాగా తోలుతున్నానని అనుకున్నాను."

"అది నేను కూడా రాసుకున్నాను," అన్నారు మాస్టారు.

పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు. "నావి నలభై రెండూ నాకు తెలుసండీ. ఎదురొచ్చేవోడిక్కూడా తెలుసు. మేవంతా ఒకలాగే చేస్తాం కదండీ, కనిపెట్టేస్తాడు. ఈయన ఎటు పోతాడో ఈయనకే తెలీదు."

"నువ్వు నోరు ముయ్యవయ్యా," అన్నాడు చంద్రరావు. "సామ్యేలూ, నీకు ఉద్యోగం ఇస్తానంటున్నాను."

సామ్యేలు బస్సులోకి చూశాడు. ఎడమవైపు మూడో కిటికీ దగ్గర సీటు మీద ఎవరో పెన్నుతో రెబెక్కా అని రాశారు. ఆ దస్తూరీ అతనికి తెలుసు.

"వద్దండీ," అన్నాడు. "ఈ బస్సులో మా పిల్ల ఎక్కుద్దండీ."

ఇంటికి వెళ్లి భార్య సువార్తమ్మకు చెప్పాడు. ఆమె, "మరి పల్లంరాజు తోలితే ఎక్కించవచ్చా?" అంది.

సోమవారం పల్లంరాజు పనిలో చేరాడు. సువార్తమ్మ రెబెక్కాను బడికి నడిపించి తీసుకువెళుతోంది. మొదటి నెలలో బస్సుకు ప్రమాదమేదీ జరగలేదు. సామ్యేలు డిసెంబరు పదకొండున కువైట్ విమానం ఎక్కాడు.