నూతి మీగడ

ఇలా జరగండి, ఇంకా దగ్గరికి. ఆ అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నవాళ్ళు కిందికి దిగండి. వక్క నమిలేవాళ్ళు చప్పుడు కాకుండా నమలండి. ఏమమ్మా, మీ ఆడపడుచు సంగతి రేపు చెప్పుకుందువుగాని, ఇది తోడికోడళ్ళ సంగతి, దీని ఘాటే వేరు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తాలింపు మాత్రం కాస్త ఎక్కువ పడింది.

అల్లవరానికి దిగువన, సముద్రం దగ్గితే వినపడేంత దూరంలో ఇసకపాలెం అని ఒక ఊరు. అక్కడి క్రైస్తవుల పేటలో అన్నదమ్ములిద్దరు. పెద్దాయన వరప్రసాదం, బడిలో మేస్టారు. చిన్నాయన ఏసుదాసు, కొబ్బరి దింపులు చేయించేవాడు. పెద్దాయన భార్య కృపావతి, చిన్నాయన భార్య సువర్ణ. ఇళ్ళు పక్కపక్కనే, మధ్యలో కొబ్బరాకుల దడి. దడికి ఇటు కృపావతి నుయ్యి, అటు సువర్ణ నుయ్యి.

కృపావతి నూతి నీళ్ళంటే అలాంటిలాంటి నీళ్ళు కావు. కందిపప్పు ఆ నీళ్ళ మొహం చూస్తేనే మెత్తబడిపోయేది. ఒకసారి పప్పుగుత్తి కుండలో మరిచిపోతే అది కూడా ఉడికిపోయిందనీ, వరప్రసాదం మేస్టారు మునక్కాడ అనుకుని దాన్ని నమిలేశారనీ పేటంతా చెప్పుకునేవారు. సువర్ణ నుయ్యి మరీ లోతు, ఆ నీళ్ళు మటుకు కాస్త ఉప్పగా ఉండి గేదెల్ని కడగడానికే పనికొచ్చేవి.

వెనకటి రోజుల్లో పేటవాళ్ళని ఊరి నూతి గట్టు ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని పేటలో సొంత నుయ్యి పడ్డాక, ఆ నీళ్ళకి ఒక గౌరవం కట్టారు. ప్రతి యేడూ కోతలయ్యాక మందిరం దగ్గర ప్రేమవిందు జరుగుతుంది. ఆ విందులో నీళ్ళిచ్చిన ఇల్లాలిదే మొదటి గరిటె. మందిరం అయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే, ఆ ఇల్లాలు గుండిగలో గరిటె ముంచి మొదటి ఆకులో పప్పు వడ్డించాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ గరిటె కృపావతిదే. ఆ రోజున ఆవిడ నడక చూస్తే, గరిటె పట్టుకుని వెళ్తోందా, రాజదండం పట్టుకుని వెళ్తోందా అనిపించేది.

ఇలా ఉండగా, ఎనభయ్యో పడి మొదట్లో, ఒక నవంబరులో తుఫాను వచ్చింది. సముద్రం ఉప్పుటేరు మీదుగా ఎక్కొచ్చి, ఇంటింటికీ వెళ్ళి పలకరించి మరీ దిగిపోయింది. జనం మందిరం డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నూతులు మాత్రం దక్కలేదు. కృపావతి నూతిలో చందువా చేపలు ఈదాయి. సువర్ణ నూతిలో ఒక పీత కాపురం పెట్టి, చేద వేసినప్పుడల్లా తాడు కొరికేసేది. కాఫీ పెడితే చారయ్యేది, చారు పెడితే ఊరగాయయ్యేది. ఆ యేడు కోతలూ లేవు, విందూ లేదు.

సర్కారు జీపులో వచ్చినవాళ్ళు నూతుల్లో బ్లీచింగు పౌడరు చల్లి వెళ్ళారు. పౌడరుకి పురుగు చచ్చింది గాని ఉప్పు చావలేదు. పేటవాళ్ళు కాలవనీళ్ళు కావిళ్ళతో మోసుకొచ్చి, కాచుకుని తాగారు; వంటకి మాత్రం ఆ నూతి ఉప్పునీళ్ళే. రెండు నూతులూ సమానంగా పాడయ్యాయి కాబట్టి కృపావతి మనసు కుదురుగానే ఉంది.

మరుసటి యేడు వానలు దంచి కొట్టి వెలిశాయి. ఒక మధ్యాహ్నం కృపావతి వంటింట్లో కూర్చుని ఉంటే ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చెవి రిక్కించింది. దడి అవతల పప్పుగుత్తి చప్పుడు లేదు.

ఉప్పునీళ్ళతో పప్పు వండితే గుత్తితో కుమ్మి కుమ్మి చెయ్యి పడిపోవాలి. తుఫాను దగ్గర్నుంచీ పేటలో పూటపూటా ప్రతి ఇంట్లోనూ ఆ కుమ్ముడే. సువర్ణ ఇంట్లో మాత్రం ఇవాళ చప్పుడు లేదు. వాసన ఉంది. ఉడికిన పప్పు వాసన, వెన్నలా.

కృపావతికి అన్నం దిగలేదు. ఆ గేదెలు కడిగే నుయ్యి తియ్యనవడమేమిటి, మామగారు ఏరికోరి తవ్వించిన నుయ్యి ఉప్పగా ఉండడమేమిటి! గుండెలో ఎవరో పచ్చిమిరపకాయ చిదిమినట్టయింది. ఆ సాయంత్రమే దడికి చిన్న కన్నం పడింది. మర్నాటికి అది కాస్త పెద్దదయింది.

కన్నంలోంచి చూస్తే, సువర్ణ ఇంటి చూరు కింద, కారే వాననీళ్ళు పట్టేలా తాటిదోనె పెట్టి ఉంది. దాని కొస నూతి పక్కన ఇసక నింపిన గోతిలోకి దిగింది. సువర్ణ నూతి గట్టు మీద గొంతుక్కూర్చుని, చేద కాకుండా చిన్న చెంబుని తాడు కట్టి దింపుతోంది. పెదాలు కదులుతున్నాయి.

"ఓహో, ఏదో రహస్య ప్రార్థన!" అనుకుంది కృపావతి. ఉండబట్టలేక దడి మీంచి తల పెట్టేసింది.

"ఏటి సువర్ణా, నూతికి పాటలు నేర్పుతున్నావా?"

"పాటలేటక్కయ్యా, మెల్లిగా మెల్లిగా అని నాకు నేనే చెప్పుకుంటన్నాను. నాది మొరటు చెయ్యి కదా."

"చెంబుతో తోడితే ఎప్పటికి నిండుద్దే బిందె?"

"మధ్యాన్నానికి నిండుద్దక్కయ్యా. చేద వేత్తే అదిరిపోద్ది."

"ఏటదిరిపోద్ది?"

"నుయ్యే, ఇంకేటి."

నుయ్యి అదిరిపోవడమా! ఇది నన్ను వెక్కిరిస్తోంది అనుకుంది కృపావతి. ఉన్న మాటని ఎత్తిపొడుపు కింద జమకట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అయ్యగారి ప్రసంగంలో, పూర్వం ఎడారిలో చేదునీళ్ళలో ఒక కొమ్మ వేస్తే తియ్యనయ్యాయన్న మాట వచ్చింది. కృపావతి బల్ల మీద కూర్చున్నదల్లా నిటారుగా అయిపోయింది. మందిరం బయట మోషే ఎదురొస్తే తన నూతి సంగతి కదిపింది. అతనికి ఒక పాత ఆయిల్ ఇంజను ఉంది. చేలకి నీళ్ళు తోడిపెట్టి బతుకుతాడు.

"అక్కగారూ, ఆ కొమ్మ వేసినాయన పేరే మా అమ్మ నాకెట్టిందండి. నేను వేత్తే తిరుగుండదండి, ఆయ్."

"ఏ కొమ్మ వేత్తావు మరి?"

మోషే చుట్టూ చూశాడు. కోనసీమలో చుట్టూ చూస్తే ఏం కనపడుతుంది? "అన్నీ కొబ్బరిచెట్లేనండి. కొబ్బరికి కొమ్మలుండవు కదండి. మట్ట వేసేద్దామండి. కొమ్మకి అన్నగారి వరసవుద్ది."

పచ్చి కొబ్బరిమట్ట నూతిలో పడింది. వారం తిరక్కుండా కుళ్ళింది. ఆ కంపుకి కాకులు ఇసకపాలెం మీంచి ఎగరడం మానేసి అమలాపురం చుట్టూ తిరిగి వెళ్ళేవి. అప్పుడు కృపావతి బ్లీచింగు పౌడరు బస్తా తెప్పించి మొత్తం కుమ్మరించింది. మట్ట కంపు పోయింది. నూతిలో కప్పలు తెల్లగా, పెళ్ళికూతుళ్ళలా బయటికొచ్చాయి. ఆ నీళ్ళు తాగిన నల్లగేదెకి తెల్ల మీసం మొలిచింది. ఉప్పు మాత్రం ఉప్పులాగే ఉంది.

ఈలోగా కోతలు దగ్గరపడ్డాయి. ప్రేమవిందుకి నీళ్ళు ఎంచడానికి అయ్యగారు స్వయంగా వచ్చారు. ముందు కృపావతి గ్లాసు అందించింది. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ప్రభువా!" అన్నారు. మెచ్చుకున్నారనుకుని కృపావతి పమిట సర్దుకుంది. తరవాత దడి అవతలికి వెళ్ళి, సువర్ణ ఇచ్చిన గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో గ్లాసు ఇయ్యమ్మా" అన్నారు.

ఆదివారం మందిరంలో చెప్పేశారు: "ఈ యేడు నీళ్ళు ఏసుదాసు నూతివి."

ఏసుదాసు నూతివి అంటే సువర్ణ గరిటె. కృపావతి చెవుల్లో ఆ మాట కుండలో కంకర్రాయిలా తిరిగింది. అంతమందీ చూస్తుండగా, గేదెలు కడిగే నూతిది ముందు నడుస్తుందా, నేను వెనకాల ఆకులు పరచాలా? విందుకింకా వ్యవధి ఉంది. ఈలోపు తన నుయ్యి తియ్యనయితే అయ్యగారు మాట మార్చుకోకపోతారా? తిన్నగా మోషే ఇంటికెళ్ళింది.

"ఇంజను తీసుకురా. నా నూతిలో ఉప్పు చుక్క మిగలకూడదు. అడుగంటా తోడెయ్."

ఇంజను వచ్చింది. దాని చప్పుడుకి రావులపాలెం సంతలో పచ్చి అరటిగెలలు ఉన్నపళంగా పండిపోయాయట. నీళ్ళు తోడినకొద్దీ ఊట తన్నుకొస్తోంది. వచ్చినకొద్దీ ఉప్పెక్కుతోంది. ఉప్పెక్కినకొద్దీ కృపావతి పట్టుదల పెరుగుతోంది. విందుకి ముందు రోజు కూడా పొద్దున్నించి పొద్దుగుంకేదాకా ఇంజను ఆడుతూనే ఉంది. బడినుంచి వచ్చిన వరప్రసాదం మేస్టారు చెవులు మూసుకుని అరిచారు.

"ఏమే, నుయ్యి బాగుచేత్తన్నావా, సముద్రాన్ని ఖాళీ చేత్తన్నావా? ఆ పైపు దడివైపు తిప్పేవేంటి?"

"అటు పల్లమండి."

"నిన్నటిదాకా ఇటు కదే పల్లం!"

ఉప్పునీళ్ళు దడి కిందినుంచి జారి, సువర్ణ ఇసక గోతిలోకి బుడబుడమంటూ దిగుతున్నాయి. సువర్ణ పరిగెత్తుకొచ్చి దడి పట్టుకుంది.

"అక్కయ్యా, ఆపించు! దణ్ణం పెడతాను! నా నూతిలో నీళ్ళు దిగిపోతన్నాయి! నీ నుయ్యీ నా నుయ్యీ అడుగున ఒకటే!"

ఇంజను గోలలో కృపావతికి చివరి ముక్క ఒక్కటే వినపడింది.

"నీదీ నాదీ ఒకటెలా అవుద్దే? నాది మామగారు తవ్వించింది!"

విందు రోజు పొద్దున్న సువర్ణ నూతి దగ్గరికి బిందెలు వచ్చాయి. సువర్ణ చెంబు పట్టుకునేలోపే మగాళ్ళు చేదలు వేసి లాగేశారు. అయ్యగారు ముందే రుచి చూసిన నీళ్ళు కదా, మళ్ళీ ఎవరు చూస్తారు? బిందెలు కృపావతి గుమ్మం ముందునుంచే వెళ్ళాయి. ఒక బిందె తొణికి ఆవిడ చేతి మీద నీళ్ళు పడ్డాయి. ఊరికే నాలిక తగిలించింది.

ఉప్పు.

"ఆగండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాలవనీళ్ళు తెచ్చుకునేవారు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే, కొత్త నేతచీర కట్టుకుని, గరిటె పట్టుకుని, సువర్ణ మందిరం వైపు నడవడం కనపడింది. మాట గొంతులోంచి వెనక్కి తిరిగి కడుపులోకి వెళ్ళి పడుకుంది.

గాడిపొయ్యి దగ్గర మంట పెట్టేవాడు నూకరాజు. పేట మీద పుట్టిన కర్రలన్నీ పొయ్యిలో పెట్టాడు గాని పప్పు ఉడకదే! గుండిగలో కందిపప్పు గులకరాళ్ళలా గంతులేస్తోంది. అన్నం వార్చి చల్లారిపోయింది. అయ్యగారు పొడుగాటి ప్రార్థన చేశారు, అది అయిపోతే ఇంకోటి చేశారు. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు ఆకు అంచులు చింపి నమలడం మొదలుపెట్టారు.

"ఏటమ్మా సువర్ణా, నీళ్ళిచ్చేవా, ఉప్పుటేరు ఇచ్చేవా?" అన్నాడో పెద్దాయన. "గేదెల నూతిని నెత్తిన పెట్టుకుంటే ఇంతే మరి!" అన్నదొకామె.

కృపావతికి ఆనందం రావాలి. నోరు తెరుచుకుని దానికోసం ఎదురుచూసింది. సువర్ణ మొహం చూస్తే వచ్చింది వచ్చినట్టే ఆగిపోయింది. సువర్ణ ఏడవడం లేదు. నీళ్ళ చుక్క నాలిక మీద వేసుకుని, ఒక్క నిమిషం ఆలోచించి, తిన్నగా కృపావతి దగ్గరికి వచ్చి గరిటె చేతిలో పెట్టింది.

"మొదటి గరిటె నీదే అక్కయ్యా."

"నాకెందుకు? నీళ్ళు నీవి కదా."

"నూతి గట్టు నాది, నీళ్ళు నీవే. నీ ఇంజను తెచ్చి పోసింది. నీళ్ళిచ్చిన ఇల్లాలిదే కదా గరిటె?"

మేస్టారు తల గోక్కుంటూ, "అదెలాగమ్మా?" అని అడిగారు.

"మన ఇసకలో అడుగునంతా ఉప్పునీళ్ళే కదండి బావగారూ. వాన నీళ్ళు దిగి దానిమీద మీగడలా తేలి ఉంటాయండి. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. దోనె పెట్టి వానంతా ఇసకలోకి దింపితే మీగడ మందమవుద్దండి, ఉప్పు కిందికి పోద్దండి. మీగడని మెల్లిగా పైపైన తీసుకోవాలి గదండి. మా అక్కయ్య కవ్వమెట్టి చిలికేసిందండి."

అందరి చూపులూ కృపావతి మీద పడ్డాయి. గరిటె చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ కలలోకి వచ్చిన గరిటె. పారేస్తే పరువు పోతుంది, పట్టుకుంటే పరువు పోతుంది. గుండిగలో ముంచి, అయ్యగారి ఆకులో వేసింది. పప్పు వడగళ్ళలా టపటపమని రాలి, రెండు గింజలు ఎగిరి ఆయన కళ్ళజోడుకి తగిలాయి.

"తెలిసే ఊరుకున్నానండి అయ్యగారూ," అంది కృపావతి నేల చూస్తూ. "బిందె తొణికినప్పుడే ఉప్పని తెలిసిందండి." తరవాత సువర్ణ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది: "మళ్ళీ తియ్యనవడానికి ఎన్నాళ్ళు పడుద్ది?"

"ఇంజను ఆపితే, వానలు బాగా పడితే, వచ్చే కోతలకి అవ్వచ్చక్కయ్యా."

"నీకు ఒక దోనె ఉంది కదా. నేను రెండు పెడతాను. నాదే ముందవుద్ది చూడు."

"అవనీ అక్కయ్యా. నీది తియ్యనైతే నాదీ అవుద్ది. అడుగున ఒకటే కదా. అందుకే నాకు నీమీద కుళ్ళు రాదు."

ఆ మాట విన్నాక కృపావతికి మళ్ళీ కుళ్ళు పుట్టింది. నుయ్యి సరే, మంచితనం కూడా దీనికే రావాలా!

ఆ పూట పేటంతా చల్లటన్నంలో చింతకాయ పచ్చడి కలుపుకుని తింది. గాడిపొయ్యి దగ్గర నూకరాజు మాత్రం కట్టెపుల్లతో ఇసకలో ఏవో గీతలు గీసి, చాలాసేపు లెక్కలు వేసి, మసి మొహంతో లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మంచినీళ్ళు తోడితే అడుగునించి ఉప్పునీళ్ళొచ్చేయి కదండి. మరి మోషే ఇంజను తీసుకెళ్ళి సముద్రంలో పెట్టి ఆ ఉప్పునీళ్ళు తోడేత్తే, అడుగున మంచినీళ్ళు తగలవంటారా?"