తొమ్మిది సెల్లుల దీపం

వీరయ్య జీపులోంచి దించిన పెట్టెను చూసి తాజుద్దీన్ చిచ్చా నవ్వాడు.

"ఏంది వీరన్నా ఇది? బ్యాటరీయా, టిఫిన్ డబ్బాల వరుసా?"

నిజంగా అలాగే ఉంది. చెక్క పెట్టెలో పది ఇనుప డబ్బాలు, ఒక్కొక్కటీ ఒక్కో సెల్లు, ఒకదాని నెత్తి నుంచి ఇంకోదాని నెత్తికి పట్టీలు. పెట్టె పక్కన తెల్ల రంగుతో నికెల్ కాడ్మియం అని రాసి ఉంది. ఎనభై మూడు ఎండాకాలం, నేను హైదరాబాదులో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతూ సెలవులకు జనగామ వచ్చాను. మా నాయిన వెంకటేశం హోల్‌సేల్ దుకాణం సిద్దిపేట రోడ్డు మీద, చిచ్చా బ్యాటరీ షాపుకి సరిగ్గా ఎదురుగా. ఆ పెట్టెను రోడ్డు అవతల నుంచే చూసి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను, పుస్తకంలో బొమ్మగా తప్ప అలాంటిది ఎప్పుడూ చూడలేదు మరి.

వీరయ్య కంటి ఆపరేషన్ల శిబిరానికి కాంపౌండరు, డ్రైవరు, అన్నీ తనే. గురువారం బచ్చన్నపేట బడిలో శిబిరం ఉంది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా రోజూ కరెంటు కోత. దుమ్ము రాకుండా కిటికీలన్నీ దుప్పట్లతో మూసేసిన గదిలో, ఆపరేషన్ బల్ల మీద దీపం ఆ మూడు గంటలూ ఈ బ్యాటరీ మీదే వెలగాలి.

"లారీ బ్యాటరీ పెట్టరాదు? నా దగ్గర దిట్టమైనయి ఉన్నయి," అన్నాడు చిచ్చా.

"డాక్టరమ్మ యాసిడ్ బ్యాటరీని గడప తొక్కనియ్యదు. పోయినేడు ఒకటి ఒలికి బల్ల కాళ్ళు తిన్నది. గిదే కావాలె. దీపం గూడ ఇచ్చి పోతున్న, వెలిగించి చూసుకో. నీ పేరు గూడ లిస్టుల ఉన్నదాయె. ఏడో నంబరు."

అదీ అసలు సంగతి. చిచ్చా ఎడమ కన్ను రెండేళ్ళ కింద పొర కమ్మి పోయింది. ఇప్పుడు కుడి కన్నుకీ అదే మొదలైంది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లారీలు నెలల తరబడి నిలబడి బ్యాటరీలన్నీ చచ్చిపోతే, వాటిని బతికించడానికి పెట్టిన షాపు అది. బ్యాటరీ నిండిందో లేదో చెప్పేది గాజు గొట్టంలో తేలే చిన్న బుడ్డి, దాని మీద వెంట్రుక మందం గీతలు. ఆ గీత కనపడకపోతే షాపు లేదు. ఆపరేషన్ అయితే ఆ ఎడమ కన్నయినా తిరిగి వస్తుంది. శిబిరం మళ్ళీ వచ్చే ఏడాదికి గానీ ఇటు రాదు.

సోమవారం పొద్దున్నే ఛార్జింగు పెట్టాడు. ఆయన ఛార్జరంటే గోడకు కొట్టిన పలక, దాని మీద వంద వాట్ల బల్బులు పన్నెండు. లైను కరెంటు ఆ బల్బుల గుండా పోయి, ఏసీని డీసీ చేసే డబ్బా దాటి బ్యాటరీకి చేరుతుంది. ఎన్ని బల్బులు వెలిగిస్తే అంత ధార, సెల్లు ఖాళీగా ఉన్నా నిండినా ధార మారదు. తర్వాత తెలిసింది, ఈ ఇనుప డబ్బాలకు కావలసింది సరిగ్గా అదేనని. అది తెలియకుండానే ఆయన సగం పని ఒప్పుగా చేశాడు.

సాయంత్రం నాలుగు గంటలకు అవతల నుంచి చిచ్చా భార్య దిల్షాద్ బేగం కేక.

"యా అల్లా! ఏం పోసినవ్ దాంట్ల?"

నేను పోయేసరికి చివరి సెల్లు మూత దగ్గర చుయ్యిమని నురగ పొంగుతోంది, ఆవిరి వస్తోంది. చిచ్చా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు, చేతిలో యాసిడ్ సీసా.

"పొద్దుగాల చూస్తే బుడ్డి మీద పన్నెండు వందల గీత. ఇప్పుడు గూడ పన్నెండు వందలే," అన్నాడు చిచ్చా. "ఏడు గంటలు కరెంటు తిన్నది, బుడ్డి ఇంచు గూడ పైకి లేవలే. యాసిడ్ పలచగున్నదేమోనని ఒక్కదాంట్ల జర పోసిన."

"నువ్వు చూసుడే తప్పు పోతున్నదేమో," అంది దిల్షాద్ చాచీ. "నిన్న చాయ్‌ల ఉప్పేసుకున్నవ్."

చిచ్చా గొట్టం కడిగి నా చేతికిచ్చాడు.

"లీలా, బిడ్డా, జర నువ్వు చూసి చెప్పు. నిజం చెప్పు."

ఇంకో సెల్లులో ముంచి పిండి చూశాను. "పన్నెండు వందలే చిచ్చా. నువ్వు చూసింది కరెక్టే."

ఆయన ఖాళీ డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. పొద్దుటి నుంచి ఆ గీత కదలకపోతే కుడి కన్ను కూడా పోయిందనుకున్నాడట! బ్యాటరీ గురించి కాదు ఆయన భయం.

పెట్టె మూతకు లోపల ఒక చిన్న పుస్తకం అంటించి ఉంది, నూనె మరకలతో, ఇంగ్లీషులో. అక్కడే నేల మీద కూర్చుని గబగబా చదివాను, చదువుతూనే చెప్పాను, మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదేమో.

"చిచ్చా, దీంట్ల యాసిడే లేదు. పొటాష్ నీళ్ళు, యాసిడ్‌కు ఎదురుది. రెండు కలిస్తే గిట్లనే మసులుతది. లారీ బ్యాటరీల యాసిడ్ గూడ పనిచేస్తది. వాడుతుంటే ప్లేట్లల్లకు దిగుతది, ఛార్జి చేస్తే మళ్ళ బయటికొస్తది. అందుకే చిక్కగైతది, బుడ్డి లేస్తది. దీంట్ల ఒక ప్లేటు నికెల్, ఇంకోటి కాడ్మియం. మార్పంతా వాటి మీదనే. నీళ్ళు ఉత్తగ అటుది ఇటు మోస్తయి. ఎంత మోసినా చిక్కబడయి, పలచబడయి."

చిచ్చా ఒక సెల్లు మూత తీసి లోపలికి తొంగి చూశాడు. "అంటే నీళ్ళు రోడ్డసొంటియి. బండ్లెన్ని పోయినా రోడ్డు మందం గంతే."

"గంతే!"

"మరి నిండినట్టు ఎట్ల తెలుస్తది?"

"వోల్టు మీటరు పెట్టాలె. ఖాళీగున్నప్పుడు సెల్లుకు ఒకటి. ఛార్జింగుల ఒకటిన్నర దాటుతది, బుడగలొస్తయి, ఇంక పెరుగకుంట నిలబడ్డదంటే నిండినట్టు. అయిదు ఆంపియర్లు, ఏడు గంటలు."

మీటరు పెట్టి చూస్తే తొమ్మిది సెల్లులు నిండినట్టే చూపించాయి. యాసిడ్ పడ్డ పదోది మాత్రం కిందికి జారుతూనే ఉంది. చిచ్చా దాని పట్టీ విప్పి పక్కన పెట్టాడు. దాన్ని విడదీయడానికి నాకైతే చెయ్యి రాలేదు. తొమ్మిదింటినీ కలిపి దీపం వెలిగిస్తే వెలుతురు కాస్త తగ్గింది కానీ తెల్లగానే ఉంది.

"ఎంతసేపు ఆగుతదో చూడాలె," అన్నాడు. మంగళవారం పొద్దుటి నుంచి దీపం వెలిగించి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. లారీ బ్యాటరీ అయితే మెల్లగా మసకబడుతూ ముందే చెబుతుంది. ఇది గంట, రెండు గంటలు, మూడు గంటలు ఒకే తెలుపు, మీటరు ముల్లు కూడా దాదాపు కదల్లేదు. మూడు గంటల నలభై నిమిషాలకు మాత్రం, ఎవరో గొంతు నొక్కినట్టు, రెండే నిమిషాల్లో ఎర్రబడి ఆరిపోయింది.

"చెప్పకుంట పోయే రకం," అన్నాడు చిచ్చా. చింపిన సిగరెట్టు పెట్టె మీద మూడు నలభై అని రాయించాడు నాతో. బుధవారం మళ్ళీ నిండుగా ఛార్జి చేశాం.

గురువారం బచ్చన్నపేటకు నేను కూడా పోయాను, మీటరు చూసే వంకతో. కళావతి డాక్టరమ్మ వరంగల్ నుంచి వచ్చేసరికి తొమ్మిదయింది, అప్పుడే కరెంటు పోయింది. పదో సెల్లు సంగతి చిచ్చాయే ముందుగా చెప్పి తప్పు ఒప్పుకున్నాడు. ఆమె దీపం కింద చెయ్యి పెట్టి చూసుకుని "చాలు" అంది, అంతే. మొదటి మనిషిని బల్ల ఎక్కించేసరికి తొమ్మిది ఇరవై, అక్కడి నుంచి ఒక్కొక్కరికీ అరగంట. ఆరో మనిషి సత్తెమ్మ కంటికి పట్టీతో బయటికొచ్చేసరికి పన్నెండు ఇరవై. పన్నెండుకు రావలసిన కరెంటు రాలేదు.

"తాజుద్దీన్, రండి," అంది డాక్టరమ్మ.

చిచ్చా గడప దగ్గరే ఆగాడు. "మూడు గంటల ఇరవై నిమిషాలైంది డాక్టరమ్మా. ఇంక ఇరవై నిమిషాలే ఉంటది. నేను పండుకోను."

"దీపం చూడండి. పొద్దున ఎట్లుందో అట్లనే ఉంది కదా."

"గదే దీనితోని పరేషాని. ఆరిపోయే నిమిషం దాక గట్లనే ఉంటది."

"పిచ్చి పట్టిందా నీకు?" దిల్షాద్ చాచీ ఆయన చెయ్యి పట్టి లాగింది. "ఇయ్యాళ కాకపోతే వచ్చేయేడే. అప్పటికి రెండో కన్ను గూడ పాయె. ఎవ్వరి కోసం చూస్తున్నవ్?"

"ఎవ్వరి కోసం కాదు. కన్ను కోసినంక చీకటైతే డాక్టరమ్మ ఏం జేస్తది?"

మీటరు ముల్లు చక్కగా నిలబడి ఉంది. ముల్లును నమ్మమని మొన్న చెప్పింది నేనే. ఇప్పుడు ముల్లు బాగానే ఉందంటోంది, గడియారం వద్దంటోంది. "చిచ్చా చెప్పింది నిజమే మేడం, మేం వెలిగించి చూసినం," అన్నాను.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరం ఖాళీ బల్ల మీద పడుతున్న ఆ తెల్లటి వెలుగునే చూస్తూ నిలబడ్డాం. అయిదు నిమిషాలు. పది. వీరయ్య నావైపు అనుమానంగా చూశాడు. పదిహేను. దీపంలో ఏ మార్పూ లేదు, నాకు ఏడుపొచ్చినంత పనైంది, అనవసరంగా ఆయన వంతు పోగొట్టామేమోనని.

పద్దెనిమిదో నిమిషంలో వెలుతురు పసుపైంది. ఎరుపైంది. బల్ల అంచు కనపడకుండా పోయింది.

దిల్షాద్ చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ చీకట్లోనే తొడుగులు విప్పుకుంటూ, "శనివారం నెల్లికుదురులో శిబిరం. జాబితా నిండింది," అంది. తర్వాత బ్యాటరీ పెట్టె వైపు తిరిగి, "అక్కడికి దీన్ని ఛార్జి చేసి తెచ్చేదెవరు?"

"నేనే తెస్త."

"అయితే మొదట మీకే చేస్తాను."

"మరి ఆఖరోనికి? ఆయనకు గూడ ఇదే తిప్పలైతది కదమ్మా."

"శుక్రవారం రాత్రే పోయి ఉంటాం. ఏడు గంటలకు మొదలుపెడదాం, కరెంటు ఉండగానే. తొమ్మిదికి నలుగురివి అయిపోతాయి. మిగిలినవాళ్ళకే ఈ బ్యాటరీ."

చిచ్చా వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, రెండుసార్లు. తర్వాత తల ఊపి, వంగి పెట్టెకు ఒక వైపు చెయ్యి వేశాడు.

"పట్టు వీరన్నా, జనగామకు తొందరగ తోలు. ఏడు గంటలు ఛార్జింగు పెట్టాలె."