బురుజు మెట్ల మీద రివర్సు

టూరిస్టు బస్సు నడిపినన్నాళ్లూ ఆయన ఈ కోటకు వస్తూనే ఉన్నాడు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టింది మాత్రం ఇవాళే. జనాన్ని దింపడం, బస్సు నీడన ఓ కునుకు తీయడం, మళ్లీ ఎక్కించుకోవడం, అంతే ఆయన చూసిన కోట. ఇంటికొచ్చి మాత్రం రాజుగారి సరసన కూర్చుని వచ్చినట్టే కబుర్లు చెప్పేవాడు. "బురుజెక్కితే నది వంపు, ఏడు ఊళ్లు, అన్నీ కనబడతాయే" అనేవాడు. భార్య నమ్మింది పాపం. "నన్నెప్పుడు తీసుకెళ్తారు?" అని అడిగీ అడిగీ విసిగిపోయింది. చివరికి ఆయన రిటైరయ్యాక ఆ ముచ్చట తీరబోతోంది.

బురుజు లోపల మెట్లు మెలికలు తిరిగి పైకి పోతున్నాయి. ఒక మనిషి పట్టేంత దారి. ఎడమపక్క గోడ, కుడిపక్క అడుగుదాకా చీకటి గొయ్యి. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఆయన ముందు, ఆమె వెనక. సగం ఎక్కాక ఆయన గొయ్యిలోకి తొంగి చూశాడు. అంతే, కొయ్యబారిపోయాడు.

"ఏమండీ, ఏమైంది?"

"కళ్లు తిరుగుతున్నాయే. నేనెప్పుడూ ఎక్కలేదు దీన్ని."

ఆమెకు ఒళ్లు మండింది. మరి ఆ ఏడు ఊళ్ల సంగతేంటి? అడుగుదామనుకునేలోపే ఆయన గొయ్యివైపు ఒరగడం కంటబడింది. కోపం కాస్తా భయమైపోయింది.

పైనుంచి కాలేజీ పిల్లల గుంపు దిగుతోంది. "జరగండి సార్!" అని ఒకటే అరుపులు.

"అక్కడే ఆగండి! ఎవరూ తొయ్యకండి!" అని ఆమె కేకేసింది.

ఆయన మడమ అంచు మీద జారింది. ఓ రాతిపెచ్చు ఊడి గొయ్యిలో పడింది. అడుగున తగిలిన చప్పుడు వినబడడానికి కాసేపు పట్టింది. గోడ పట్టుకోమన్నా, కళ్లు మూసుకోమన్నా ఆయన చెవికెక్కడం లేదు. అప్పుడు తనకు తెలియకుండానే ఆమె నోట్లోంచి ఆ పాత మాట వచ్చింది.

"రానీ... రానీ..."

ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆయన బస్సును వెనక్కి నడిపి సందులో పెట్టేవాడు. క్లీనరు దారిలోనే దిగిపోయేవాడు కనుక వెనక నిలబడి అరిచే పని ఆమెది. మొగుడి మీద పెత్తనం చెలాయించడానికి ఆవిడకు దొరికేది ఆ కాసేపేనని ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు గానీ, ఆ బస్సు ఒక్క గోడకైనా రాసుకోలేదు.

ఆయన కుడికాలు మెల్లగా వెనక్కి, కిందికి దిగింది.

"రానీ... లెఫ్టు కొట్టు. ఇంకా లెఫ్టు. చాలు, స్ట్రయిట్. రానీ..."

ఆమె ఒక మెట్టు దిగి, ఆయన్ని ఒక మెట్టు దింపుతోంది. పైన పిల్లలు తోసుకోకుండా ఒక్కో మెట్టే దిగుతున్నారు. ఉన్నట్టుండి ఆమె కాలి కింద మెట్టు సగం లేదు.

"హోల్డాన్!"

గాల్లో లేచిన కాలు గాల్లోనే ఆగింది. ఆమె కిందికి తడుముకుంటూ దిగి, ఆయన పాదాన్ని రెండు చేతులా పట్టుకుని మంచి రాయి మీద పెట్టింది.

నేల తగిలాక ఆయన వీపు మీద దబదబా రెండు చరుపులు చరిచింది. బస్సు ఆగిందంటే అదే గుర్తు. ఆయన అక్కడే కూలబడ్డాడు. పిల్లలు పక్కనుంచి మెల్లగా వెళ్లిపోయారు.

"దిగొచ్చినవాళ్లు బస్సులో చెప్పుకునేవి విని నీకు చెప్పేవాణ్ణి" అన్నాడు తల వంచుకుని. "నువ్వెళ్లి చూసిరా. నేనిక్కడే ఉంటా. ఎక్కినవాళ్లు తిరిగొచ్చేదాకా నేనెప్పుడూ కదల్లేదు."

ఆమె గోడకు అతుక్కుని ఒంటరిగా ఎక్కింది.

పైన ఏముంది? కొత్తగా లేచిన మేడలు, నీళ్ల ట్యాంకులు, పొగ. నది జాడే లేదు. ఇన్నేళ్ల ఆశకు దక్కింది ఇంతేనా అని ఏడుపొచ్చింది. కిందికి చూస్తే గుమ్మం బయట కూర్చుని ఆయన కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తున్నాడు.

దిగొచ్చేసరికి ఆయన గబుక్కున లేచాడు.

"కనబడ్డాయా, ఏడు ఊళ్లూ?"

"ఏడేంటండీ, ఎనిమిది" అంది.