ట్యూబు కట్టు

బావకి కుడి మడమ నొప్పి మొదలై పది రోజులైంది. మా సైకిల్ షాపులో చక్రాల పని బావది, పంక్చర్లు నావి. పొద్దున లేచి కాలు కింద పెడితే మేకు దిగినట్టుంటోందని చెప్పాడు. మందుల షాపులో ఎముక పెరిగిందేమో అన్నారు, మెత్తటి చెప్పులు వేసుకోమన్నారు. వేసుకున్నాడు. తగ్గలేదు.

మా పనిలో మోకాలు పట్టినా మణికట్టు బెణికినా ఒకటే వైద్యం. పాత ట్యూబు నిలువునా చీల్చి బిగించి చుట్టేస్తాం. బావ కాలు ఒళ్లో పెట్టుకుని, చీలమండ నుంచి పిక్క దాకా నేనే చుట్టాను. రిమ్ముకి టైరు ఎక్కించేటంత బలం పెట్టి లాగాను.

"గాలి కూడా కొట్టేస్తావేంట్రా బామ్మర్దీ?" అన్నాడు.

సాయంత్రానికి నొప్పి లేదన్నాడు. అసలు కాలు ఉన్నట్టే లేదన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అలా మూడు రోజులు, రోజూ పొద్దున్నే కట్టాను.

నాలుగో రోజు మా అక్క ఆ కట్టు విప్పి నన్ను పిలిచింది. పాదం ఉబ్బి, రంగు తిరిగి ఉంది. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. అక్క వెంటనే బండి పిలవమంది.

స్కానింగ్ గదిలో అమ్మాయి అరికాలికి చల్లటి జిగురు రాసి, చిన్న పరికరంతో నొక్కుతూ తెర చూసింది. బాగున్న రక్తనాళమైతే నొక్కగానే అణగాలట. ఒకటి అణిగింది. పక్కది అణగలేదు. మళ్లీ నొక్కింది. అణగలేదు. ఇరవై ఏళ్లుగా ట్యూబులు నొక్కుతున్నవాణ్ణి. లోపల ఏదో ఉందని నాకూ తెలిసింది.

నొప్పి ఎముకది కాదని, మడమ దగ్గర రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందని డాక్టరు చెప్పాడు. గడ్డ పైకి పాకి, తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కకపోవచ్చన్నాడు. రక్తం గడ్డకట్టకుండా మందు వెంటనే మొదలుపెట్టాడు. తర్వాత పిక్క మీద కట్టు చారలు చూశాడు. నొప్పి తగ్గి కాదు, బిగింపుకి కాలు మొద్దుబారి తెలియలేదన్నాడు. రక్తం పైకి పోయే దారి ఇలా బిగిస్తే గడ్డ పెరగదా, ఎవరు కట్టారని అడిగాడు.

 అక్క నా వైపు చూసింది.

"నేనే కట్టుకున్నానండీ," అన్నాడు బావ.

వారం తర్వాత మళ్లీ స్కానింగ్ చేశారు. గడ్డ పైకి పాకలేదు. మాత్రలు మూడు నెలలు మానకూడదన్నారు. బయటికొచ్చాక అక్క ఒక్క మాటే అంది.

"ఇంకోసారి ఆయన కాలు ముట్టుకోకు."

సరేనన్నాను.

ఇప్పుడు బావ షాపులో కాలు డబ్బా మీద చాపుకుని కూర్చుంటున్నాడు, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేస్తున్నాడు. చక్రాల పనీ నేనే చేస్తున్నాను. ట్యూబు నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తూ, తలెత్తకుండా అడుగుతాను.

"నొప్పి తెలుస్తోందా బావా?"

"తెలుస్తోందిరా. నీకదో సంతోషం."

అప్పుడు ట్యూబు ఇంకో వైపు తిప్పుతాను.