రెండు జతల ఉన్ని మేజోళ్ళు

ఆ శనివారం పొద్దున అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవైలోని ఆ ఇంట్లో గొడవ ఒక జత మేజోళ్ళ దగ్గర మొదలైంది.

బయట మంచు కిటికీ అంచు దాకా పేరుకుని ఉంది. కృపావరం వంటగదిలో వట్టి కాళ్ళతో నిలబడి కాఫీ కలుపుకుంటోంది.

"అత్తయ్యా, మేజోళ్ళు కుర్చీ మీద పెట్టాను, చూశారా?" అంది నళిని.

"చూశాను. బాగున్నాయి. నీ కూతురికి తొడుగు."

"దానికి ఉన్నాయి. ఇవి మీకే."

"కాళ్ళకి సంచులు కట్టుకుంటే నేల ఎక్కడుందో ఎలా తెలుస్తుందే? జారి పడితే మళ్ళీ నువ్వే సణుగుతావు."

బల్ల దగ్గర పాలల్లో సీరియల్ వేసుకుంటున్న పదమూడేళ్ళ శాంతి తలెత్తింది. "మామ్మా, నీ టోస్ బ్లూ అయిపోతున్నాయ్, చూడు."

"నల్లటి కాళ్ళకి నీలం ఎక్కడ కనపడుతుందే? కళ్ళద్దాలు పెట్టుకో."

శాంతి నవ్వింది. నళిని నవ్వలేదు. "వేసుకోకపోతే మానేయండి! చలి పట్టి మంచాన పడితే ఎవరికి చెప్పుకోను నేను?" అని అరిచింది. అత్తాకోడళ్ళు ఒక కప్పు కింద ఉన్న ఈ అయిదేళ్ళలో ఆమె అలా అరవడం ఎవరూ వినలేదు. తనకే సిగ్గనిపించి, తడిబట్ట సింకు మీద పెట్టి, బట్టలుతికే గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ గది సొరుగులో తువ్వాళ్ళ కింద మంగళవారం నుంచీ ఒక కవరు ఉంది. కెనడా స్టాంపు. ఒంటారియోలో ఎల్మ్‌ఫర్డ్ అనే చిన్న ఊరి చర్చి నుంచి వచ్చింది. మేజోళ్ళ మాట దానిలోనూ ఉంది.

కృపావరానికి పన్నెండేళ్ళు పెద్దదైన అక్క ఒకతె ఉండేది, రూతు. పిఠాపురం మిషను బంగళాలో పెంబ్రీ దొరసాని పిల్లలకు ఆయా. పందొమ్మిది వందల పదమూడులో, దొరలు సెలవు మీద కెనడా వెళుతూ రూతును వెంట తీసుకెళ్ళారు. రెండేళ్ళలో తిరిగి తెచ్చి అప్పగిస్తానని దొరసాని ఆ తల్లి చేతిలో చెయ్యి వేసింది. దొర ఆరోగ్యం చెడి వాళ్ళు మళ్ళీ రాలేదు, రూతూ రాలేదు. ఉత్తరాలు మాత్రం వచ్చాయి, మూడేళ్ళలో అయిదు. రూతుకు చదువు లేదు, అందుకని తెలుగు నేర్చిన దొరసానే ఆమె చెప్పింది రాసి పంపేది.

మొదటి ఉత్తరంలో "నా పిచిక ఏం చేస్తోంది? రాత్రిళ్ళు ఎవరి పక్కన పడుకుంటోంది?" అని ఉంది. పిచిక అంటే కృపావరం. అప్పటికి ఏడేళ్ళది. అక్క తప్ప ఇంకెవరూ ఆ పేరుతో పిలవలేదు. తక్కిన నాలుగింటిలో పిచిక ఊసు లేదు. "చెల్లెలు కృపావరమునకు దీవెనలు" అని మాత్రం ఉంది. తల్లి మంచం పట్టినప్పుడు, ఒక్కసారి వచ్చి కనపడమని కబురు పంపారు. రూతు ఇక్కడ సుఖంగా ఉంది, ఇప్పట్లో రాలేదు అని జవాబొచ్చింది. తల్లి దాన్ని చివరిదాకా చదవనివ్వలేదు. "అది రాయైపోయింది" అంది. అంతే, ఆ ఇంట్లో మళ్ళీ ఆ పేరు ఎత్తలేదు. బతికున్నవాళ్ళ కోసం చేసే ప్రార్థనలోనూ లేదు, ఏటేటా జ్ఞాపకార్థ కూటంలో చదివే పోయినవాళ్ళ పేర్లలోనూ లేదు.

అయిదేళ్ళ క్రితం కృపావరం అమెరికా వచ్చిన కొత్తలో కొడుకు సుందర్ రాజ్ ఆవిడను డెట్రాయిట్ తీసుకెళ్ళి నది చూపించాడు. అవతలి ఒడ్డున కనిపించేది కెనడాయేనని చెప్పాడు.

"ఈ ఏరు దాటితే మా అక్క ఊరేనా?" అంది ఆవిడ. చాలాసేపు అక్కడే నిలబడింది. ఇంటికొచ్చాక కోడలిని పిలిచింది. "అది పోయి ఉంటుందిలే. పిల్లలైనా ఉంటారుగా. వాళ్ళనొక మాటడగాలి. మీ అమ్మ ఎప్పుడైనా పిచిక అనేదాన్ని గురించి చెప్పిందా, లేదా, అని. అంతే. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

నళిని కాకినాడలో బి.ఎ. చదివింది. పట్టిన పని వదిలే మనిషి కాదు. ఓడ ప్రయాణికుల జాబితాలకోసం ఒట్టావాకు రాసింది. గ్రంథాలయంలో మైక్రోఫిల్ము యంత్రం ముందు కూర్చుని కళ్ళు మండేదాకా చుట్టలు తిప్పింది. ఓడ జాబితాలో "శ్రీమతి పెంబ్రీ, ఇద్దరు పిల్లలు, ఆయా" అని ఉంది. ఆయాకు పేరు రాయలేదు. రూతు అన్న పేరు అప్పటి పత్రికల్లో లేదు, పెళ్ళిళ్ళ పుస్తకంలో లేదు. చర్చి సభ్యుల పట్టీలోనూ లేదు.

దాదాపు అయిదేళ్ళు అలా గడిచాక, డెట్రాయిట్ తెలుగు చర్చి స్త్రీల సమాజానికి మినిట్స్ రాస్తూ ఉండగా ఆమెకు తట్టింది. ఆ సమాజానికి కార్యదర్శి తనే. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరికి దుప్పటి ఇచ్చారు, ఎవరు కేకు తెచ్చారు, అన్నీ రాస్తుంది. ఇవేవీ పాస్టరుగారి రిజిస్టరులోకి ఎక్కవు. పెంబ్రీ దొరసాని చర్చిలోనూ స్త్రీల సమాజం ఉండే ఉంటుంది కదా! వెంటనే దొరసాని ఉత్తరాల మీదున్న ఊరికి, ఎల్మ్‌ఫర్డ్‌కు ఉత్తరం రాసింది. అక్కడి ఒక పెద్దావిడ నేలమాళిగలోంచి పాత పుస్తకం వెతికి తీసి, మూడు పేజీలు జిరాక్సు చేసి పంపింది.

మంగళవారం రాత్రి భోజనాలయ్యాక సుందర్ రాజ్ వాటిని రెండుసార్లు చదివాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు. "చూడు నళినీ, ఆ కోపమే ఆవిణ్ణి పొద్దున్నే లేపుతోంది. ఈ వయసులో అది కాస్తా పోతే ఏం మిగుల్తుంది? అక్కడ పెళ్ళి చేసుకుంది, పిల్లలు లేరు, ముసలిదై పోయిందని చెబుదాం. నమ్ముతుంది."

"నమ్ముతారు. ఆ దొరసాని రాసినవీ నమ్మారుగా. అయిదు ఉత్తరాలు చాలవా, ఆరోది మనం రాయాలా?"

అతను కాగితాలు మడిచి కవర్లో పెట్టాడు. ఆమెకూ అంతకుమించి ధైర్యం చాలలేదు. కవరు తువ్వాళ్ళ కిందికి పోయింది.

ఇప్పుడు ఆ తువ్వాళ్ళ ముందు నిలబడి, ఇలా దాచుకుంటూ పోతే తను రోజూ ఏదో ఒక వంకన ఈ ముసలావిడ మీద అరుస్తూనే ఉంటానని నళినికి అర్థమైంది. కవరు తీసుకుని వంటగదిలోకి వచ్చింది. శాంతిని మెట్ల మీద మంచు ఎత్తమని పంపింది.

"అత్తయ్యా, కూర్చోండి. రూతు పెద్దమ్మ సంగతి తెలిసింది."

కృపావరం కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "పిల్లలున్నారా?"

"లేరు. చదువుతాను, వినండి."

ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పింది. పందొమ్మిది వందల పదమూడు, అక్టోబరు. శ్రీమతి పెంబ్రీ ఆయా వట్టి కాళ్ళతో తిరుగుతోంది కనుక ఆమెకు రెండు జతల ఉన్ని మేజోళ్ళు అల్లి ఇవ్వాలని తీర్మానించారు. డిసెంబరు. క్రిస్మసు కూటంలో ఆయా తన భాషలో ఒక పాట పాడింది, అందరూ మెచ్చుకున్నారు. పందొమ్మిది వందల పద్నాలుగు, ఫిబ్రవరి. శ్రీమతి పెంబ్రీ ఆయా నిమోనియాతో చనిపోయినందుకు విచారం తెలిపారు. సమాధికి తమ స్థలంలో ఒక మూల ఇచ్చిన కుటుంబానికి వందనాలు.

కృపావరం కాగితం మీద వేలు పెట్టింది.

"మేజోళ్ళది మళ్ళీ చదువు."

నళిని చదివింది.

"వేసుకుందా?"

"అది రాయలేదత్తయ్యా."

"వేసుకుని ఉండదు." లేచి తన గదిలోకి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో అయిదు ఉత్తరాలు, మడతల దగ్గర చిరిగి, పసుపు పచ్చగా. "నా కళ్ళకి ఆనవు. తారీఖులు చూడు. ఫిబ్రవరికి ముందుది ఏది?"

వెతుకులాటలో ఆ ఉత్తరాలన్నీ చదివిన నళినికి ఆ జవాబు మంగళవారమే తెలుసు. అయినా ఒక్కొక్కటే విప్పి చూసింది. "ఇదొక్కటే. పదమూడు, నవంబరు."

"పిచికది."

"పిచికదే."

"మరి తక్కినవి?"

"దొరసాని తనంతట తను రాసినవి. మీ అమ్మగారికి చెప్పలేక రాసిందో, తెచ్చి అప్పగిస్తానన్న మాట నిలబెట్టుకోలేక రాసిందో."

కృపావరం ఆ నాలుగింటినీ ఒక పక్కకు నెట్టి, మొదటిదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని నళిని చూసింది. ఏడవలేదు. దాని మీద అరచేయి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు, అలాగే కూర్చుంది.

"ఆ పేరు దానంతట దానికి తెలీదు," అంది చివరికి.

"ఎవరికి?"

"దొరసానికి. మా అక్క చెబితేగా తెలిసేది. ఈ ఒక్కటీ అక్క చెప్పిందే." ఉత్తరం మడత పెట్టింది. "డెబ్బై ఏళ్ళు తిట్టానే దాన్ని. చచ్చిపోయినదాన్ని. అమ్మ కూడా తిట్టుకుంటూనే పోయింది."

మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే రాలేదు. తలుపు వేసుకుంది. లోపల్నుంచి చాలా మెల్లగా ఏదో పాట వినిపించింది, చరణం మధ్యలో ఆగి మళ్ళీ మొదటికి వస్తూ. నళినికి తెలిసిన చర్చి పాట ఏదీ కాదు.

సాయంత్రం ఆరింటికి అందరూ బల్ల దగ్గర చేరారు. ఎండురొయ్యలు వంకాయ, టమాటా పప్పు. ఎండురొయ్యలు వాసనంటూ ముక్కు మూసుకునే శాంతి కూడా ఆ పూట మాట్లాడకుండా అన్నం కలుపుకుంది. సుందర్ రాజ్‌కు భార్య ముందే చెప్పింది, అతను తల్లి ముఖంలోకి చూడలేక చూస్తున్నాడు. కృపావరం వచ్చి కూర్చుంది. ప్రార్థన తనే చేసింది. రోజూ చేసే ప్రార్థనే. చివర్లో పోయినవాళ్ళ పేర్లు తలచుకుని, తన నాన్న పేరు తర్వాత, అమ్మ పేరు తర్వాత, "రూతు" అంది. శాంతి ఒక కన్ను తెరిచి తల్లివైపు చూసింది.

ఆమెన్ అన్నాక కృపావరం అన్నంలో చెయ్యి పెట్టలేదు.

"ఒరే రాజా. ఈస్టరుకి ముందు నన్నక్కడికి తీసుకెళ్ళు. ఊళ్ళో అందరి సమాధులకీ ఏటా సున్నం వేసుకున్నాం. దానికి డెబ్బై ఏళ్ళుగా ఒక్క పూత లేదు."

"అమ్మా, నీది ఇండియన్ పాస్‌పోర్ట్. వీసాకి అప్లై చెయ్యాలి, టైం పడుతుంది. ఏప్రిల్లో కూడా అక్కడ స్నో ఉండొచ్చు. అసలు రాయి ఉందో లేదో, ఏ మూలో ఎవరికి తెలుసు?"

"నీ పెళ్ళాం కనుక్కుంటుంది. ఇన్ని కనుక్కున్నది అది కనుక్కోలేదా?"

"మామ్మా, నేనూ వస్తా," అంది శాంతి.

"రాక? బకెట్ ఎవరు మోస్తారు, మీ నాన్నా?" పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత నళిని వైపు తిరిగింది. గొంతులో పొద్దుటి పెళుసు లేదు. "నువ్వు పెట్టిన మేజోళ్ళు పెట్టెలో పెట్టుకున్నాను. అక్కడ, దాని పక్కన కూర్చుని వేసుకుంటాను. అప్పటిదాకా నా కాళ్ళ సంగతి ఎవరూ ఎత్తొద్దు."