నాలుగో చరణం ఎవరిది?

"సీడీ మీద నీ పాట కింద నా పేరు రాయమని చెప్పిన. నువ్వైతేంది, నేనైతేంది, ఒకటే ఇల్లు గదా!" అన్నాడు కొమురెల్లి ఇడ్లీ తుంచుకుంటూ.

అతని స్టేజీ కుర్తాను ఇస్త్రీ చేస్తున్న హైమావతి చెయ్యి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు.

"కండ్లు యాడ వెట్టినవ్? కుర్త కాలుతుంది" అంది అత్త కౌసల్యమ్మ, మూలన చిక్కుడుకాయలు వలుస్తూ. "పాటలు కడ్తే పప్పుడుకుతదా పిల్లా?"

ఉప్పల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో పదేళ్లలో హైమ నలభై పాటలు కట్టింది. కట్టడానికని విడిగా పూట దొరికింది లేదు. నాచారం పచ్చళ్ల ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటిస్తూ ఒక పాదం, నల్లా దగ్గర బిందె నిండేలోపు ఇంకో పాదం. వాటిని కొమురెల్లి భుజాన గొంగడి వేసుకుని తెలంగాణ సభల్లో పాడతాడు. జనం ఈలలు వేస్తారు. "మా నాయిన రక్తం, పాట దానంతటదే వస్తది" అంటాడు మైకులో. ఒక సభలో మొదటి వరుసలో కూర్చుని తన పాటకు తనే చప్పట్లు కొట్టింది హైమ. పక్కనామె "గాయన మీ ఆయననా? మస్తు అదృష్టం నీది" అంటే తలూపింది. సభలో చెప్పిన మాట తెల్లారేసరికి గాలికి పోతుంది, పోనీ అనుకుంది. కానీ సీడీ మీద అచ్చయిన పేరు పోదు. లేబుల్ ఏది అంటిస్తే సరుకు అదే అయిపోతుందని లేబుళ్లు అంటించే మనిషికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే, నాచారంలోనే ఆ సీడీ చేస్తున్న స్టూడియోకు నడిచి, పాట తనదని చెప్పింది.

"నువ్వే కట్టావా? ఏదీ, పాడు" అన్నాడు యజమాని రామచంద్రరావు.

"పొద్దునెవరు లేపిన్రమ్మా, పొద్దునెవరు లేపిన్రు?
పొయ్యిల నిప్పు ఊదినామె పొద్దును లేపింది..."

మూడు చరణాలు పాడి ఆపింది.

"నాలుగోది?"

"నాలుగోది లేదు సార్."

ఆయన నవ్వి, రోజూ ఇదే పాట పాడుకుంటూ వసారా ఊడ్చే తారామణిని పిలిచాడు. ఆమె చీపురు పట్టుకునే వచ్చి పాడింది.

"పాటనెవరు దాసిన్రమ్మా, పాటనెవరు దాసిన్రు?
నోట్ల కొంగు కుక్కుకున్నామె పాటను దాసింది."

హైమ ఆ చరణాన్ని లోలోపల మళ్లీ పాడుకుంది. అదే వరుస, అదే దరువు. తను అడిగిన దానికి ఎవరో బదులు చెప్పారు. ఎవరు?

"కట్టానన్న మనిషికి తెలియని చరణం ఊడ్చే మనిషికి తెలుసు. అంటే ఇది జనం పాట. మీ ఆయన అడిగినట్టు ఆయన రచన అనీ వేయను, నీ రచన అనీ వేయను. జానపదం అని వేస్తా. కాదంటే ఆ నాలుగోది కట్టిన మనిషిని తీసుకురా. మొదటి మూడూ నీవేనని ఆమె నోటితో చెప్పాలి. సీడీ కవరు శనివారం అచ్చుకు పోతుంది."

గుమ్మంలో హైమ తారామణిని పట్టుకుంది. "అక్కా, యాడ నేర్సినవ్?"

"ఉప్పల్ల, సర్కారు దవాఖానల. శుక్రారం బీపీ గోలీల లైన్ల ఒక పెద్దామె పాడుతది. ఆమె పాడుతుంటే లైను కదలకున్నా ఎవ్వలకు ఫికర్ ఉండదు."

ఆ సాయంత్రం గిన్నెలు తోముతున్నా హైమకు అదే ధ్యాస. ఆ పెద్దామె ఎవరు? తన పాట ఆమె దాకా ఎలా చేరింది? ఆమెతో దెబ్బలాడాలా, ఆమె కాళ్లు మొక్కాలా?

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టింది. దవాఖానాలో మనిషి కంటే ముందు గొంతు వినిపించింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. లైను మధ్యలో బల్ల మీద కూర్చుని, తొడ మీద దరువేస్తూ పాడుతోంది కౌసల్యమ్మ.

"అత్తమ్మా!"

దరువు ఆగింది. "ఇంట్ల చెప్పకే పిల్లా."

"నా పాట ఎప్పుడు నేర్సినవ్?"

"నల్ల కాడ నువ్వు పాడుతుంటే గోడకివతల నేనే గదా ఉండేది. చెవులు మూసుకోవాల్నా?"

"మరి ఇంట్ల నన్నెందుకు గట్ల తిడ్తవ్?"

కౌసల్యమ్మ మందుల చీటీని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "మీ మామ పాటలు ఎవరు కట్టిన్రనుకున్నవ్?"

హైమ బల్ల అంచున ఆమె పక్కన కూర్చుంది.

"ఆయన పాడిండు, ఊరు మెచ్చింది. నేను ఒక్కపారి బాయి కాడ పాడితే, 'పాటగాని పెండ్లానివి, పాటకత్తెవు గాదు' అన్నడు. గప్పటి సంది నోరిప్పలే. గా మాట రేపు నీ మొగడు గూడ అంటడు. ముందుగాల నేనే అంటే నీకు జర తక్కువ నొస్తదనుకున్న."

"రేపు స్టూడియోకు రా అత్తమ్మా. నా మూడు నావేనని ఒక్క మాట చెప్పు."

"కొడుకు ముందటనా? నా తోని గాదు." గోలీలు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

శనివారం కొమురెల్లి హెడ్‌ఫోన్ పెట్టుకుని అద్దాల గదిలో మైకు ముందు నిలబడ్డాడు. బయట హైమ. "ఆమె రాలే సార్" అంది. సీడీ కవరు కాగితం మీద 'జానపదం' అని రాయడానికి రామచంద్రరావు పెన్ను మూత తీశాడు.

తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ కౌసల్యమ్మ. "తప్పు బస్సెక్కి మౌలాలి దాక పోయొచ్చిన" అంది రొప్పుతూ.

"అమ్మా, నువ్వెందుకొచ్చినవ్?" అద్దం అవతలి నుంచి స్పీకర్లో కొడుకు గొంతు.

"మూడు హైమ కట్టింది. నాలుగోది నేను కట్టిన. మీ నాయిన పాడినయి గూడ నేనే కట్టిన."

"పది మందిల గిదేం మాటనే! ఇజ్జత్ తీస్తున్నవ్."

కౌసల్యమ్మ అద్దానికి దగ్గరగా జరిగింది. కొడుక్కి అన్నం తినిపించేటప్పటి గొంతుతోనే అడిగింది. "నువ్వు కట్టింది ఒక్కటి పాడు బిడ్డా. ఇంటం."

కొమురెల్లి హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. నోరు తెరిచాడు. బల్ల మీద గొంతు స్థాయిని చూపించే దీపాలు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ వెలగలేదు.

హైమ చెయ్యి చాపి రామచంద్రరావు చేతిలోని పెన్ను అందుకుంది.