కాగితమంత సందు

నేను ఒక బండిని. మీ ఇంటి ముందు ఆగే రకం కాదు, మీ ఒళ్లో పట్టే రకం. రిమోట్ నొక్కితే కదులుతాను గాని పరుగు నాకు చేతకాదు. నా పనల్లా రాళ్లెక్కడం. తాబేలులా మెల్లగా, మేకలా మొండిగా ఎక్కుతాను కాబట్టి నాకు జగమొండి అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు ఒక బావా, ఒక బావమరిదీ. నా కష్టాలన్నీ ఆ చుట్టరికంలోనే ఉన్నాయి.

బావ దామోదర్‌కు మౌలాలిలో కళ్లద్దాల దుకాణం ఉంది. సన్న స్క్రూలు బిగించడం ఆయన వృత్తి. వదులుగా ఏది కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. బావమరిది శ్రీహరి డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. గ్రీసు పూస్తే తగ్గని బాధ లోకంలో లేదని అతని నమ్మకం. ఇద్దరి మధ్యా విజయ, ఒకరికి భార్య, ఒకరికి అక్క.

నేను డబ్బాలో విడి భాగాలుగా వచ్చాను. విజయ భోజనాల టేబుల్ మీద ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని నన్ను బండిని చేశారు. నా ఒంట్లో ఆయువుపట్టు ఒకటుంది. మోటారుకు ఒక చిన్న పళ్ల చక్రం, దాని పక్కనే ఒక పెద్ద పళ్ల చక్రం. చిన్నది పెద్దదాన్ని తిప్పితే, పెద్దది ముందూ వెనకా ఉన్న కడ్డీలను తిప్పుతుంది, అప్పుడు నా నాలుగు చక్రాలూ కదులుతాయి. ఆ రెండు పళ్ల చక్రాల మధ్య కాగితమంత సందు ఉండాలి. అందుకని మధ్యలో కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి, స్క్రూ బిగించి, ఆ తర్వాత కాగితం లాగేస్తారు. ఆ రోజు కాగితం శ్రీహరి పట్టుకున్నాడు, స్క్రూ దామోదర్ బిగించాడు. సాయంత్రం మౌలాలి గుట్ట ఎక్కుతుంటే నా టైర్ల కింద నలిగిన ఇసుక చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

అప్పటినుంచి నేను ఒక వారం బావ ఇంట్లో, ఒక వారం బావమరిది ఇంట్లో. ఆదివారం మాత్రం ముగ్గురం గుట్ట మీద. అంతకంటే సుఖం ఏ బండికీ ఉండదు.

ఎండాకాలం చివర్లో శ్రీహరి నడుపుతుండగా ఒక బండ మీంచి పల్టీ కొట్టాను. పైకి గీత కూడా పడలేదు. లోపల మోటారు మాత్రం వెంట్రుకవాసి జరిగింది. మళ్లీ ఎక్కబోతే కిర్రుమన్నాను. ఉరికించి పడేశావని బావ అన్నాడు, నువ్వు బిగించింది సరిగా లేదని బావమరిది అన్నాడు. ఇక ఎదుటివాడికి చెప్పకుండా తానే బాగుచేసి చూపించాలని ఇద్దరూ ఎవరికి వారే అనుకున్నారు.

ముందు దామోదర్ వంతు. దుకాణంలో గిరాకీ లేని వేళ నన్ను విప్పి, సందు కనిపించగానే ఉండబట్టలేక పళ్లను పళ్లకు ఆనించి బిగించేశాడు. నన్ను పైకెత్తి గాలిలో చక్రాలు తిప్పి చూశాడు. చప్పుడు లేదు. బరువు లేనప్పుడు ఎవరికి మాత్రం బాధ ఉంటుంది? ఆదివారం రాయి ఎక్కగానే కీచుమన్నాను. మరుసటి వారం శ్రీహరి మోటారును బాగా వెనక్కి జరిపి, గ్రీసు కూరి, అతనూ గాలిలోనే తిప్పి తృప్తిపడ్డాడు. ఈసారి గుట్ట మీద కటకటమన్నాను. వారం వారం ఇదే తంతు. ఒకాయన దగ్గర ఊపిరాడదు, ఇంకొకాయన దగ్గర పట్టు దొరకదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

బోనాల నాడు భోజనాల దగ్గర అది మాటల దాకా వచ్చింది. బండికి నీ చెయ్యి అచ్చిరాదని దామోదర్ అన్నాడు. నువ్వు బిగించిన అద్దాలు పెట్టుకున్నవాళ్ల ముక్కుల మీద గుంతలు పడుతున్నాయని శ్రీహరి అన్నాడు. బండిని అంటే దామోదర్ ఓర్చుకునేవాడేమో, దుకాణాన్ని అంటే ఓర్చుకోలేదు. ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురుగా కూర్చుని కూడా, మీ తమ్ముడికి పులుసు కావాలేమో అడగమని ఒకరు, అక్కా బావను చాలని చెప్పమని ఒకరు. మధ్యలో విజయ గరిటె పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడేది. గుట్ట ఊసే లేకుండా పోయింది.

చివరికి నన్ను పంచుకుందామని తేల్చారు. చక్రాలూ, పై డొప్పా బావకు. మోటారూ, రిమోటూ బావమరిదికి. మనుషులు పొలాలు పంచుకుంటారని తెలుసు, బండిని కూడా పంచుకుంటారని నాకేం తెలుసు! నిజంగా భయమేసింది. చప్పుడు చేస్తూ బతకడం కష్టమే గాని, చప్పుడు చేయడానికి కూడా పనికిరాని ముక్కలుగా మిగలడం చావే కదా.

పంపకానికి నన్ను మళ్లీ ఆ టేబుల్ మీదే పెట్టారు. విజయ అడ్డుపడింది. "పంచుకునే ముందల నాకొక్కసారి నడిపి చూపియ్యుండ్రి. ఏం రోగంతోని పోయిందో నాకన్న తెల్వాలె."

గాలిలో తిప్పారు. ఎప్పటిలాగే చప్పుడు లేదు. గుట్ట మీద మొత్తుకునేదాన్ని గాలిలో తిప్పితే ఏం తెలుస్తుందని ఆమె అడిగింది. అప్పుడు తప్పక శ్రీహరి నా చక్రాలను గట్టిగా పట్టుకున్నాడు, దామోదర్ రిమోట్ నొక్కాడు. గొంతెత్తి అరిచాను. ముందు కడ్డీ తీసి చూశారు, అరిచాను. అది పెట్టి వెనక కడ్డీ తీశారు, అయినా అరిచాను. అయితే రోగం కడ్డీల్లో లేదు. ఇక మిగిలింది మోటారు దగ్గరి మూత. ఇద్దరూ కలిసి ఉండగా ఆ మూత తెరుచుకోవడం, నేను పుట్టిన రోజు తర్వాత అదే మొదలు.

లోపల గ్రీసు ముద్దలు ముద్దలుగా ఉంది. ఇంత ఎవరు పెట్టారని విజయ అడిగితే శ్రీహరి పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు. స్క్రూ తల ఇంత అరిగేదాకా ఎవరు తిప్పారని అడిగితే దామోదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

దామోదర్ గ్రీసు తుడిచాడు. ఎడమ చేత్తో మోటారు నొక్కిపట్టి, కుడిచేత్తో స్క్రూడ్రైవర్ అందుకుని, అలాగే ఆగిపోయాడు. కాగితం పెట్టడానికి మూడో చెయ్యి లేదు. ఒంటరిగా విప్పిన ప్రతిసారీ ఇద్దరూ ఎగ్గొట్టింది ఆ కాగితాన్నే.

శ్రీహరి లేచి గోడ క్యాలెండర్లోంచి నిన్నటి కాగితం చింపి, సన్నగా ముక్క చేసి, పళ్ల మధ్య పట్టుకున్నాడు.

"బావా, జరంత ఆగు... ఆ, ఇప్పుడు బిగియ్యి."

బోనాల తర్వాత బావా అన్న పిలుపు వినడం అదే మొదటిసారి. దామోదర్ స్క్రూ చాలా మెల్లగా తిప్పాడు. కాగితం లాగితే చిరగకుండా, మీద పళ్ల ముద్రలతో మడతలు మడతలుగా బయటికొచ్చింది. శ్రీహరి మళ్లీ చక్రాలు పట్టుకున్నాడు. రిమోట్ నొక్కారు. నేను అరవలేదు. అరవాల్సిన పని లేకపోవడం ఎంత హాయో మీకెలా చెప్పను!

ఎండ తగ్గకముందే గుట్టకు పోయాం. నన్ను పల్టీ కొట్టించిన బండే ఎదురుగా ఉంది. మెల్లగా ఎక్కుతుంటే టైర్ల కింద ఇసుక వినిపించింది. పైనుంచి వాళ్ల వాదన వినిపించింది. ఎడమకు తిప్పమని ఒకరు, నాకు కళ్లున్నాయని ఒకరు. విజయ పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంది, మధ్యలో మాటలు మోసే పని ఆమెకు తప్పింది.

సగం ఎక్కాక శ్రీహరి ఆటపట్టించాడు. "మరి నా సగం నేను తీస్కపోవాల్నా, బావా?"

దామోదర్ రిమోట్ మీంచి కళ్లెత్తలేదు. "తీస్కపో. మరి కాగితం ఎవరు పట్టాలె?"

నా ముందు చక్రాలు బండ అంచును పట్టుకున్నాయి. చప్పుడు లేకుండా పైకెక్కాను.